ఎదురొచ్చిన బొమ్మ పిల్లి

పుస్తకం కాలికి తగిలితే చటుక్కున వంగి కళ్లకద్దుకోవడం మనకు చిన్నప్పుడే నేర్పుతారు. అదే పుస్తకాన్ని రెండేళ్ల పిల్ల చేతిలో పెట్టమంటే మాత్రం ఇంటిల్లిపాదికీ వణుకు పుడుతుంది. చింపుతుందంటారు, నములుతుందంటారు, ఎంగిలి చేస్తుందంటారు. అందుకని పుస్తకం బీరువాలో ఉంటుంది, పిల్ల వసారాలో ఉంటుంది. మనకు పుస్తకానికి దండం పెట్టడం వచ్చినంత తొందరగా దాన్ని తెరవడం రాలేదని నేను సభల్లో అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నొచ్చుకుంటూనే ఉన్నారు. నొచ్చుకోనివ్వండి. నేను ఆ మాట వెనక్కి తీసుకోను.

కొత్తగా వస్తున్న బొమ్మల పుస్తకాల్లో పసిపిల్లలకు ఏవి కొనమంటారని ఈమధ్య కొందరు తల్లులు నన్ను అడుగుతున్నారు. సంతోషమే. నాకు తెలిసినవి చెబుతాను. కానీ ఏ పుస్తకం కొనాలన్నదాని కంటే, పిల్ల దాన్ని ఎవరి ఒళ్లో కూర్చుని చూస్తుందన్నది ముందు తేల్చుకోమంటాను. ఇది నేను ఏ గ్రంథంలోనూ చదివి తెలుసుకున్నది కాదు. అల్లూరుకు తూర్పున, సముద్రపు ఒడ్డున, చేపలు పట్టేవాళ్ల పాలెంలో మా అక్క చేసిన పని చూసి తెలుసుకున్నది. అప్పుడు నేను నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాను. అరవైల మొదట్లో మాట.

మా నాన్న బడిపంతులు, సంఘసంస్కరణ సభల మనిషి. ఆదివారం సాయంత్రం మా ఇంటి అరుగు మీద చర్చ జరిగేది. ఒకరు అనుకూలంగా, ఒకరు ప్రతికూలంగా మాట్లాడాలి. మధ్యలో నాన్న చప్పట్లు కొట్టి, "ఇప్పుడు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు" అనేవారు. అప్పటిదాకా నరికిన వాదాన్నే మళ్లీ మనం నిలబెట్టాలన్నమాట. నాకది పండగ. ఎదుటివాళ్ల నోరు మూయించకుండా ఇంట్లోకి వచ్చేదాన్ని కాదు. అక్క మాత్రం చాలాసేపు వింటూ కూర్చుని, చివర్లో ఒక ప్రశ్న అడిగేది. అంతే. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంలో అందరి భోజనాలూ ఆలస్యమయ్యేవి.

అంత చదువుకున్న ఇంట్లో కూడా మాకు బొమ్మల పుస్తకమంటూ లేదు. వాచకంలో బొమ్మలుండేవి కానీ అవి నల్లటి అచ్చు ముద్దలు. కింద "ఉడత" అని రాసి ఉండకపోతే దాన్ని ముంగిస అనుకున్నా తప్పులేదు. బొమ్మ అక్షరానికి కాపలా కాయడానికి ఉండేది కానీ చూడడానికి కాదు.

అక్క బాలసేవిక ఉద్యోగంలో చేరాక బ్లాకు ఆఫీసు వాళ్లు ఆమెను ఆ పాలెంలోని పసిపిల్లల బడికి, బాలవాడికి, వేశారు. అల్లూరులో బస్సు దిగి, ఎద్దుల బండి పట్టుకుని, ఉప్పు కాలువ పడవలో దాటి, అక్కడి నుంచి ఇసకలో కాళ్లీడ్చుకుంటూ సరుగుడు తోటల్లోంచి పోవాలి. బాలవాడి అంటే తాటాకు పాక. ఆడవాళ్లు చేపల గంపలెత్తుకుని ఊళ్ల మీదికి పోతే, ముసలివాళ్లు పిల్లల్ని తెచ్చి అక్క దగ్గర దింపేవాళ్లు. పిల్లలు పొడిపాలు కలిపి పోస్తే తాగి, మూతి తుడుచుకోకుండానే అలల దగ్గరికి పారిపోయేవాళ్లు. పాలు తాగేంత సేపే బడి. ఇట్లా అయితే ఈ కేంద్రం ఎత్తేసి ఇంకో ఊరికి ఇస్తామని పైవాళ్లు అక్కకు ఒకసారి చెప్పి పోయారు కూడా.

అప్పుడొచ్చింది పుస్తకాల కట్ట.

నేను సంక్షేమ పథకాలను పొగిడే మనిషిని కాను, వాటిని తిట్టిన వ్యాసాలు నావి చాలా ఉన్నాయి. కానీ ఆ కట్టను ఆ పాలేనికి పంపాలని ఎవరికి తోచిందో ఆ మనిషికి ఈరోజు కూడా చేతులెత్తి మొక్కగలను. కొన్ని మద్రాసులో అచ్చయినవి. కొన్ని ఎక్కడో దూరదేశంలో మన తెలుగులోనే అచ్చయి ఓడెక్కి వచ్చినవి. దళసరి కాగితం, కొత్త రంగుల వాసన. ఒక పేజీలో ఒకే కాకి, చుట్టూ తెల్లటి ఖాళీ. ఇంకో పేజీ నిండా వాన. ఆ వాన గీతల మీద పిల్లలు అరచెయ్యి రాసి, చెయ్యి తడిసిందేమోనని తిప్పి చూసుకునేవాళ్లు. ఆ బొమ్మలు వేసిన వాళ్లెవరో నాకు తెలియదు. నేల మీద కూర్చుని, పిల్లల కళ్ల ఎత్తు నుంచి లోకాన్ని చూసిన మనిషే అయి ఉండాలి. వాటిలో పెద్దవాళ్లు మోకాళ్ల దగ్గర మొదలయ్యేవాళ్లు, తలుపు గడియలు ఆకాశంలో ఉండేవి.

అక్క పుస్తకం చూపించే తీరు వేరు. ముందు చదివేది కాదు. ఒకరిద్దరిని ఒళ్లోకి, ఒకరిద్దరిని పక్కకు లాక్కుని, పుస్తకం తెరిచి ఊరుకునేది. "ఇదేంటి? అదేంటి?" అని పరీక్షలు పెట్టేది కాదు. కాసేపటికి పిల్లలే మొదలుపెట్టేవాళ్లు. ఆ ఇళ్లలో అరవం కలిసిన మాట, బయటివాళ్లతో నెల్లూరు తెలుగు. ఒక పిల్ల "మీను" అంటే అక్క "మీను, చేప" అని రెండూ పలికి ముందుకు పోయేది కానీ, తప్పని దిద్దేది కాదు. పేజీ తిప్పే హక్కు పిల్లలదే. చిరిగితే అన్నం మెతుకుతో అతికించేది. ఇంటికి తీసుకుపోతామంటే ఇచ్చేసేది! పక్క ఊళ్ల బాలసేవికలు ఇది విని, నీకేమన్నా మతి పోయిందా అన్నారట. మేం తాళం వేసి వచ్చినవాళ్లకు చూపిస్తున్నామని ఒకామె గర్వంగా చెప్పిందట. ఇట్లాంటి తాళాల మీదే నా యుద్ధమంతా.

పుస్తకాలు ఇళ్లకు పోవడం మొదలయ్యాక పిల్లలు పాలు తాగాక కూడా ఉండిపోయారు. కేంద్రం ఎత్తేస్తామన్న మాట వినబడడం మానేసింది. అన్నింటికంటే ఎక్కువగా నలిగిన పుస్తకం ఒకటుంది. అట్ట నిండా నల్లటి పిల్లి. పసుపు కళ్లు పెట్టుకుని సూటిగా మనల్నే చూస్తుంటుంది. లోపల ఆ పిల్లి తప్పిపోయిన తన కూనను వెతుక్కుంటూ ఊరంతా తిరుగుతుంది. మాటలు తక్కువ, పేజీకి ఒక వరుస.

పుష్య మాసం చలిలో, సెలవులకు నేను అక్క దగ్గరికి పోయాను. నేను పోయిన వారంలోనే ఆ పుస్తకం పాలెం పెద్దాయన ఇంటికి చేరింది. తీసుకుపోయింది ఆయన చిన్నకూతురు. నాలుగేళ్లుంటాయేమో. ఆ పిల్లను రోజూ బాలవాడికి తెచ్చేది పెద్దాయన తల్లి. పిల్ల "జేజి" అంటుంది, మేమూ జేజి అనే పిలిచేవాళ్లం. బొట్టులేని నుదురు, తెల్లారిన తర్వాత ఎప్పుడో వచ్చేది, కంచె దగ్గరే నిలబడి పిల్లను లోపలికి తోసి పోయేది. లోపలికి రమ్మంటే, "వేటకు పోయినోళ్లు రానీమ్మా, తర్వాత చూద్దాం" అనేది. మొగుడు పోయిన ఆడది మగవాళ్లు వేటకు బయల్దేరే వేళ వీధిలో కనపడకూడదు. వాళ్లు నీళ్ల మీద ఉన్నంతసేపూ పదిమందిలో మసలకూడదు. ఇది అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పే పని లేని కట్టుబాటు.

పుస్తకం ఇంటికి చేరిన మర్నాడు తెలతెలవారుతుండగా మగవాళ్లు వలలు, తెడ్లు భుజాన వేసుకుని సముద్రం వైపు బయల్దేరారు. ముందు పెద్దాయన నడుస్తున్నాడు. తండ్రికి కొత్త పుస్తకం చూపించాలని ఆ పిల్ల ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చి, పుస్తకాన్ని రొమ్ముకు ఆనించి, అట్ట బయటికి పెట్టి, దారికి అడ్డంగా నిలబడింది. ఆ మసక వెలుతురులో రెండు పసుపు కళ్లు.

"పిల్లి ఎదురొచ్చింది" అన్నాడు వెనకెవరో.

అంతే. అందరూ ఇళ్లకు తిరిగొచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ బయల్దేరాలి. అది పద్ధతి. ఆ వేళ గాలి నేల మీది నుంచి సముద్రం మీదికి వీస్తుంది. దాంతోనే తెప్పలు లోపలికి పోవాలి. వీళ్లు కూర్చుని లేచేసరికి పొద్దెక్కింది, గాలి పడిపోయింది. ఆరోజు వేట లేదు. ఏ పూట వేట ఆ పూట తిండికే చాలని పాలెంలో ఒకరోజు వేట పోవడమంటే చిన్న మాట కాదు. మధ్యాహ్నానికి పెద్దాయన కబురు పంపాడు. అక్క, ఆమె వెంట నేను, వలలు కుట్టే పాక దగ్గరికి పోయాం. మగవాళ్లంతా వలలు ముందేసుకుని కూర్చున్నారు. ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు.

"టీచరమ్మా, నీ మీద మాకేం కోపం ల్యా" అన్నాడు పెద్దాయన. "పాలు పోస్తుండావు, పిలకాయల ముక్కులు తుడుస్తుండావు. ఈ పుస్తకాలు మాత్రం మా పాలెంలో వద్దు. అల్లూరు పోయే బండికెక్కిచ్చి పంపించెయ్."

పుస్తకాలు పోతే పిల్లలు పోతారు, పిల్లలు పోతే కేంద్రం పోతుంది. అది ఆ పాకలో అందరికంటే అక్కకు బాగా తెలుసు. ఆమె నోరు తెరిచేలోపల నేను లేచాను.

"అది పిల్లి కాదన్నా. కాగితం మీద సిరా."

"మీ ఇంట్లో మీ నాయన పటం ఉండాదా పాపా?"

"ఉంది."

"అదీ కాగితం మీద సిరానే గదా. కింద పరిచి తొక్కుతావా?"

వల కుట్టేవాళ్లు చేతులాపి నవ్వారు. "చెప్పు పాపా, చెప్పు!"

"తొక్కను. ఆయన మీద గౌరవం కాబట్టి తొక్కను. అంతేగానీ ఆ పటం లేచొచ్చి నా చెవి మెలిపెడుతుందని భయపడను. బొమ్మంటే ఇష్టం ఉండొచ్చు, భయమెందుకు?"

"నీకేం పాపా, నువ్వు బస్సులో పోతావు. పిల్లి ఎదురొస్తే డ్రైవరు చూసుకుంటాడు. మేం తెప్ప మీద పోయేవోళ్లం."

"డ్రైవరు మాత్రం తక్కువోడా మావా" అన్నాడొక కుర్రవాడు. "మొన్న నక్క అడ్డమొచ్చిందని బస్సు ఆపేసినాడు."

"నక్క మంచిదిగదరా."

"మంచిదనే ఆపినాడు. దిగి దండం పెట్టి పోయినాడు."

"సరే అన్నా" అన్నాను నేను. "బొమ్మ పిల్లి నిజం పిల్లే అయితే, ఆ కట్టలో బొమ్మ చేప కూడా ఉంది. ఈపూట దాంతో పులుసు పెట్టించండి."

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు కానీ తగ్గలేదు. "పులుసుకి కడుపు నిండాల పాపా. శకునానికి కంటపడితే చాలు."

మా నాన్న అరుగు మీద అయితే ఆ జవాబుకు చప్పట్లు పడేవి. నాకు కోపమూ వచ్చింది, ముచ్చటా వేసింది. చదువు లేనివాళ్లతో వాదించడం కష్టమని కొందరు మేధావులు అంటుంటారు. వాళ్లు ఎప్పుడూ ఏ పాకలోనూ కూర్చోలేదన్నమాట. అక్కడ జరిగింది మంచి చర్చ. వాళ్ల మొదటి మాట ఒక్కటే తప్పు, దాని మీద కట్టిన గోడ మాత్రం నిటారుగానే ఉంది.

అప్పుడు అక్క అడిగింది. "కంటపడితే చాలంటుండావు గదా అన్నా. ఆ పుస్తకంలో ఇంకా ఏమేం ఉండాయో చూసినారా?"

"పిల్లిని చూసినాక ఇంక లోపలేం చూసేది?"

"లోపల మంచివి ఉంటే? చెడ్డదాంతోపాటు మంచిదాన్ని కూడా మీ చేత్తోనే బండెక్కించి పంపించినట్టవుతుంది గదా. చూసి పంపించండి."

పాకంతా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. పెద్దాయన కాసేపు గడ్డం గీరుకుని, కూతురి వైపు చెయ్యి చాచాడు. చేతులకు వల తారు అంటుకుని ఉంది. తువ్వాలుకు తుడుచుకున్నాడు గానీ పుస్తకాన్ని ముట్టుకోవడానికి మనసొప్పలేదు. పిల్లే ఆయన మోకాళ్ల మధ్య కూర్చుని పుస్తకం తెరిచింది. మిగతావాళ్లు వలలు పక్కకు నెట్టి చుట్టూ మూగారు.

మొదటి పేజీలో ఆవు, దూడ.

"శుభం" అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి.

"నాయనా, దూడకి ఒకటే చెవి" అంది పిల్ల.

"రెండోది ఆ పక్కనుంటదిలే."

"ఆ పక్క చూపీ."

"ఆ పక్క ఎట్ట చూపించేదిమే?" అన్నాడు గానీ, పిల్ల పేజీ తిప్పి వెనకవైపు వెతుకుతుంటే ఆయన కూడా తల వంచి వెనకవైపు చూశాడు.

తర్వాతి పేజీలో ఒక ఆడమనిషి కడవ చంకన పెట్టుకుని వస్తోంది. కడవ నిండుదా, వట్టిదా అన్న దగ్గర పెద్ద తగాదా వచ్చింది. నిండుదైతే మంచిది, వట్టిదైతే కీడు. ఒకతను ముక్కు పేజీకి ఆనించి, "చుక్క పడతా ఉండాది చూడండ్రా, మూతి దగ్గర. నిండుదే!" అని అరిచాడు. వెనక నుంచి అతని పెళ్లాం, "నేను రోజూ నిండుదే మోసుకొస్తుండా, ఎప్పుడన్నా ఇంత దగ్గర్నుంచి చూసినావా?" అంది. చాలాసేపు నవ్వులు ఆగలేదు. దున్నపోతు పేజీకి మళ్లీ గొడవ. యముడి వాహనం అని ఒకడంటే, అది దున్న కాదు గేదె, పొదుగు చూడరా గుడ్డోడా అని ఇంకొకడు.

నాకు మాత్రం ఒళ్లు మండుతోంది. అక్క చెవిలో, "నువ్వు పుస్తకాన్ని పంచాంగం చేస్తున్నావు. నాన్న చూస్తే ఏమంటారు?" అన్నాను.

"ముందు చూడనీ" అంది అక్క. "పేజీ తిప్పుతున్నారు కదా."

అప్పుడు నేను కూడా చూశాను. కన్నబిడ్డను ఒళ్లో పెట్టుకుని పగటిపూట కూర్చోవడమనేది ఆ మగవాళ్లు ఎరగరు. శకునాల కోసమే కావచ్చు, ఇప్పుడు పుస్తకం మీదికి వంగారు. దూడ చెవి, కడవ మూతి మీది నీటి చుక్క, గేదె పొదుగు, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూస్తున్నారు, పిల్ల అడిగిన ప్రశ్నలకు జవాబులు వెతుకుతున్నారు, ఒకరితో ఒకరు పోట్లాడుతున్నారు. పుస్తకం పిల్లలతో కలిసి చూడడమంటే ఇంతకంటే ఏముంది? ఆ బొమ్మలు గీసిన మనిషి ఆ నీటి చుక్కను ఎందుకు వేశాడో గానీ, దాన్ని చూసే కళ్లు అంత దూరాన, ఆ పాకలో దొరికాయి.

చివరి పేజీ తిరిగింది. ఒక ఇంటి గడప మీద ముసలామె కూర్చుని ఉంది. చుట్టూ పిల్లలు. ఆమె ఒళ్లో తప్పిపోయిన పిల్లికూన, పక్కనే ఆ నల్ల పిల్లి. ముసలామె నుదుట బొట్టు లేదు.

నవ్వులు ఆగిపోయాయి.

"అయిపోయింది" అన్నాడు వెనకనుంచి ఒకడు మెల్లగా. "పిల్లీ, మొగుడు లేనిదీ, రెండూ ఒకే చోట."

పెద్దాయన పుస్తకం మూయడానికి చెయ్యి పెట్టాడు. ఈసారి ముట్టుకున్నాడు. అక్క పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

పిల్ల మాత్రం తండ్రి చెయ్యి నెట్టేసి, "జేజి!" అంది. "నాయనా, మా జేజి! ఈడ ఉండాది జేజి!"

లేచి, పుస్తకం రెండు చేతులతో ఎత్తుకుని, మనుషుల కాళ్ల మధ్యనుంచి దూరి పరిగెత్తింది. పాక వెనక, తడిక పక్కన జేజి నిలబడి ఉంది. అక్కడ ఎప్పటి నుంచి ఉందో మాకు తెలియదు. పిల్ల పుస్తకం ఎత్తి చూపించింది. ముసలామె కింద కూలబడి, దాన్ని దూరంగా, దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నేనేనామే ఇది?"

"నువ్వే. జుట్టు చూడు."

"నా జుట్టు ఇంత ఉండాదా?" అని జేజి తల తడుముకుంది. తర్వాత అక్కడినుంచే కొడుకుని పిలిచింది. "ఒరే."

పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"బొమ్మలో పిల్లినే ఓర్చుకోలేకుండావు. నన్నెట్ట పెట్టుకోనుండావురా ఇంట్లో?"

"నిన్నెవరన్నారు అమా? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవురూ అనలా. ఎవురూ అనే పనిల్యా. మీరు లేచే ముందే నేను లేస్తా, గోడ ఆ పక్కకి పోయి కూర్చుంటా, మీరు పోయినాక వస్తా. మీ నాయన పోయినప్పటినుంచీ అంతేగదా." ఆమె గొంతులో ఏడుపు లేదు. ఎండు చేపల ధర చెప్పినట్టు చెప్పింది. "నీ బిడ్డ పొద్దన్నే లేచి జేజి యాడికి పోయిందని ఏడస్తది. ఆ సంగతి నీకు తెలవదు, నువ్వు నీళ్ల మీద ఉంటావు."

నేను విధవల దుస్థితి మీద ఎన్నో సభల్లో మాట్లాడాను, బహుమతులు తెచ్చుకున్నాను. ఆ రోజు నోరు తెరవలేదు. తెరవాల్సిన పని కూడా లేదు. మాట్లాడాల్సిన మనిషి మాట్లాడుతోంది.

పెద్దాయన తల వంచుకుని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆఖరికి అక్కతో, "పుస్తకాలు ఉండనీమ్మా" అన్నాడు. "అట్ట మీది పిల్లికి మాత్రం ఏదన్నా కాగితం చుట్టు."

తిరిగొస్తూ దారిలో నేను అక్కతో పోట్లాడాను. కాగితం చుట్టడమంటే ఓటమి ఒప్పుకోవడమే అన్నాను. నేనిప్పటికీ అదే అంటాను. భయానికి కప్పిన కాగితం భయాన్ని పెంచుతుందే గానీ తగ్గించదు. అక్క నాతో వాదించలేదు. పాత పత్రిక కాగితం చక్కగా మడిచి అట్ట వేసింది. మరునాడు పిల్లలు మొదట చేసిన పని ఆ కాగితం కింద పిల్లి ఉందా లేదా అని ఒక మూల చింపి చూడడం. ఒక పసుపు కన్ను బయటికొచ్చింది. పొడిపాలు కాచేలోపల రెండోదీ వచ్చింది.

"ఇంకో కాగితం వేస్తావా?" అన్నాను.

"నాకు అట్ట వెయ్యమన్నారు, వేశాను" అంది అక్క. "కాపలా కాయమనలేదు."

ఆ సాయంత్రం జేజి బాలవాడి కంచె దాటి లోపలికి వచ్చింది. తెప్పలింకా ఒడ్డుకు రాలేదు. ఆ పుస్తకం ఒకసారి ఇంటికిమ్మని అడిగింది. "నాకు చదువు రాదమ్మా. బొమ్మలు చూసి చెప్పొచ్చా?" అంది. అట్లాగే చెప్పాలంది అక్క. జేజి పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని పోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా నేను, అక్క చెలమలో నీళ్లు తోడుకుంటున్నాం. ఇసకలో తవ్విన చెలమ అది, పెద్దాయన ఇంటికి ఎదురుగా ఉంటుంది. చూస్తే జేజి వీధివైపు గడప మీద ఒక పక్కగా కూర్చుని ఉంది. ఒళ్లో మనవరాలు, మనవరాలి ఒళ్లో పుస్తకం. ఆ వెలుతురులో ఏ బొమ్మా కనపడదు. అయినా ముసలామె పేజీ మీద వేలు పెట్టి ఏదో చెబుతూనే ఉంది, తల ఎత్తడం లేదు. అక్క చేతిలో ముంత అట్లాగే ఉండిపోయింది.

పెద్దాయన తెడ్డు భుజాన పెట్టుకుని బయటికొచ్చాడు. వెనక మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. తల్లిని చూసి ఆయన ఆగాడు. అందరూ ఆగారు. ఆయన తిరిగి లోపలికి పోయి కూర్చుంటే ఆ ముసలామె ఇంక ఈ జన్మలో ఆ గడప మీద కూర్చోదు. పుస్తకాలు కూడా ఆరోజే బండెక్కుతాయి.

"అమా" అన్నాడు.

"ఊఁ."

"మంచు పడతా ఉండాది. తలకి గుడ్డ కట్టుకో."

అని ఆమె ముందునుంచే నడిచి సముద్రం వైపు పోయాడు. మిగతావాళ్లు వెంట పోయారు. అందరూ మారిపోయారని నేను అబద్ధం రాయను. ఒకతను వెనక్కి పోయి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు బయల్దేరాడు. జేజి అతని వైపు కూడా చూడలేదు.

తెప్పలు తిరిగొచ్చే వేళకు నాకు కాలు నిలవలేదు. ఒడ్డుకు పోయి ఆరోజు ఎంత చేప పడిందో చూడాలని బయల్దేరాను. అక్క బాలవాడి వాకిట్లో అడ్డం నిలబడింది.

"పోవద్దు" అంది.

"ఎందుకు?"

"ఎక్కువ పడితే సంతోషిస్తావు. పదిమందికీ చెబుతావు. జేజి మొహం చూసి పోతే వల నిండిందని రేపటినుంచి ఆమెను తెల్లారకముందే తెచ్చి గడప మీద కూర్చోబెడతారు, జ్వరమొచ్చినా సరే. వల వట్టిదై వచ్చిన నాడు ఏం చేస్తారో నువ్వే చెప్పు."

మా నాన్న అరుగు మీద నేను విన్న వాదాలన్నింటిలో ఇంత గట్టి వాదం లేదు. ఆ రోజు వలల్లో ఎంత పడిందో నేను తెలుసుకోలేదు, ఎవరినీ అడగలేదు. మీకూ చెప్పలేను. ఒడ్డు మీద అరుపులు వినపడుతూనే ఉన్నాయి, సంతోషానికో తగాదాకో. జేజి పాకలో మధ్యగా కూర్చుని ఉంది. ఒళ్లో పట్టినంతమంది పిల్లలు ఒళ్లో, మిగతావాళ్లు వీపు మీద పడి వేళ్లాడుతున్నారు. పేజీ తిప్పే వంతు ఎవరిదన్న దానిమీద ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. అక్క వాళ్లను విడదీయడానికి లోపలికి పోయింది, వెనకే నేనూ పోయాను.